బొమ్మల కథలు రాసే ఉద్యోగం: మీరడిగారు, నేను చెప్తున్నా

పోయిన నెల ఇదే పేజీలో ఎవరో "పిల్లల కార్టూన్లకి కథలు ఎవరు రాస్తారండీ" అని అడిగితే "రాసేవాళ్లు ఉన్నారు, నేనూ ఒకదాన్ని" అని ఒక్క లైన్‌లో తేల్చేశా. ఇక ఈ నెల మీ దగ్గర్నుంచి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా దీని మీదే. ఎడిటర్ గారు కూడా ఈసారికి మొత్తం దీనికే ఇచ్చేయమన్నారు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశా, పేర్లు తీసేశా, అడిగిన తీరు మాత్రం చాలావరకు మీదే.

అక్కా, నేను బీటెక్ థర్డ్ ఇయర్. నాకు బొమ్మలు గీయడం అస్సలు రాదు. కానీ కథలు బాగా చెప్తానని హాస్టల్లో అందరూ అంటారు. కార్టూన్ రైటర్ అవ్వొచ్చా? ఇంట్లో చెప్తే నవ్వుతున్నారు. – కాకినాడ

నవ్వనీ తమ్ముడూ, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. బొమ్మ గీయడం రాకపోయినా పర్లేదు, కానీ బొమ్మలో ఆలోచించడం రాకపోతే మాత్రం కష్టం. హాస్టల్లో కథ చెప్పేటప్పుడు నీ గొంతు, నీ చేతులు, మధ్యలో నువ్వు ఆపే ఆపడం, ఇవన్నీ పనిచేస్తాయి కదా, స్క్రిప్ట్ పేపర్లో అవేం ఉండవు. ఆ పేపర్ చదివేది ప్రేక్షకుడు కూడా కాదు, దాన్ని గీయాల్సిన మనిషి.

అసలు పని ఎలా సాగుతుందో చెప్తా. ముందు ప్రెమిస్ అని నాలుగైదు లైన్లు రాసిస్తాం, ఈ ఎపిసోడ్‌లో ఎవరికి ఏం కావాలి, ఏం అడ్డొచ్చింది, చివరికి ఏమైంది అని. పది ఇస్తే రెండో మూడో ఓకే అవుతాయి, మిగతావి చెత్తబుట్టలోకే, దానికి ఏడవకూడదు. ఓకే అయినదాన్ని అవుట్‌లైన్ చేస్తాం, అంటే సీన్ తర్వాత సీన్, మాటలు లేకుండా. అది కూడా ఛానల్ వాళ్లు చూసి మార్పులు చెప్పాక స్క్రిప్ట్. అక్కడ్నుంచి నీ చేతిలోంచి పోయినట్టే, స్టోరీబోర్డ్ ఆర్టిస్ట్ దాన్ని షాట్లుగా గీస్తాడు, ఆ బొమ్మల్ని టైమింగ్‌తో పేర్చి, స్టూడియోలో ఎవరో ఒకరు టెంపరరీగా గొంతిచ్చి, యానిమాటిక్ అని ఒకటి చేస్తారు. నీ జోకు పేలిందా చీదిందా అనేది అక్కడే తెలిసిపోతుంది, పేపర్ మీద అందరూ నవ్విన జోకు యానిమాటిక్‌లో శవంలా పడుంటుంది ఒక్కోసారి. ఆ తర్వాతే అసలు యానిమేషన్.

ఇంత వడపోత ఎందుకంటే ఒక లెక్క చూడు. మామూలు కార్టూన్ ఎపిసోడ్ 11 నిమిషాలు, అంటే 660 సెకన్లు, మన టీవీకి సెకనుకి 25 ఫ్రేములు, మొత్తం 16,500 ఫ్రేములు. సినిమాలో సీన్ బాలేకపోతే ఎడిటింగ్‌లో పీకేస్తారు, ఇక్కడ పీకేసిన ప్రతి సెకనూ ఎవరో కూర్చుని కదిలించిన బొమ్మే, దాని డబ్బులు ఆల్రెడీ ఖర్చయిపోయినట్టే. అందుకే తప్పులన్నీ పేపర్ మీదే అయిపోవాలని చూస్తారు, పేపరే చీప్ కాబట్టి. రైటర్‌కి ఉద్యోగం ఉందంటే అందుకే.

ఇప్పుడు నీ సంగతి. "రాజుకి చిన్నప్పటి ఫ్రెండ్ గుర్తొచ్చి మనసు బరువెక్కింది" అని రాశావనుకో, ఏం గీయాలి? "రాజు జేబులోంచి విరిగిన బొంగరం తీసి చూసి, ఎవరన్నా చూశారేమోనని అటూ ఇటూ చూసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు" అని రాయి, గీసేవాడు నీకు దండం పెడతాడు. టామ్ అండ్ జెర్రీ ఎప్పుడన్నా రాసేవాడి కళ్లతో చూడు. దాన్ని పుట్టించిన హన్నా, బార్బెరా ఇద్దరూ కలిసి 1940 నుంచి 1958 వరకు 114 చిన్న సినిమాలు తీశారు, 7 ఆస్కార్లు వచ్చాయి, వాటిలో మాటలు దాదాపు లేవు. బార్బెరా కథనీ జోకుల్నీ బొమ్మల్లో వేసేవాడు, హన్నా టైమింగ్ చూసుకునేవాడు. మాటల్లేవు కాబట్టి రాయడం లేదనుకుంటారు జనం, కానీ పిల్లికి ఏం కావాలి, ఎలుక ఏం చేసింది, అది తిరగబడి ఎవరికి తగిలింది అని పేర్చడమే ఈ పనిలో ముఖ్యమైన ముక్క. ఇంకోమాట, స్పాంజ్‌బాబ్ లాంటి కొన్ని షోలలో రైటర్లు చిన్న అవుట్‌లైన్ వరకే ఇస్తారు, డైలాగులు కూడా స్టోరీబోర్డ్ ఆర్టిస్టులే రాసుకుంటారు, అలాంటిచోట బొమ్మ రానివాళ్లకి పని తక్కువ. మనదగ్గర ఎక్కువ షోలు స్క్రిప్ట్ నుంచే మొదలవుతాయి, నీకు అది కలిసొచ్చేదే.

పుల్లల మనుషుల్ని గీయడం మాత్రం నేర్చుకో. గుండ్రంగా తల, కింద గీత, చాలు. నీ సీన్‌ని ఆరు డబ్బాల్లో అలా గీయలేకపోతే ఆ సీన్ నీకే సరిగ్గా తెలీదన్నమాట.

నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్ని. పిల్లల కోసం నలభై దాకా నీతి కథలు రాసి పెట్టుకున్నాను. వీటిని కార్టూన్ ఛానల్‌కి ఎలా పంపాలి? – వరంగల్ జిల్లా

మాస్టారూ, మీరు నొచ్చుకోనంటే నిజం చెప్తా. ఛానళ్లు విడి కథలు తీసుకోవు. వాళ్లు కొనేది షోని. షో అంటే ఒక మనిషో జంతువో, వాడి స్వభావం, వాడి ఊరు, వాడి చుట్టూ ఉండే నలుగురు, వీటన్నిట్లోంచి వంద కథలు పుట్టే అవకాశం. ఛోటా భీమ్ చూడండి, హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో రాజీవ్ చిలక గారి బృందం చేసింది, 2008లో పోగోలో మొదలైంది, ఇన్నేళ్లయినా నడుస్తూనే ఉంది. ఊరు ధోలక్‌పూర్, భీమ్ ధైర్యవంతుడు, లడ్డూ తింటే బలం, కాలియాకి కుళ్లు, ధోలు భోలు కాలియా వెనకే, చుట్కీకి భీమ్ అంటే ఇష్టం. ఈ నాలుగు ముక్కలు తెలిసిన ఏ రైటర్ అయినా "ధోలక్‌పూర్‌కి ఒక కొత్త మిఠాయి కొట్టు వచ్చింది" అని చెప్పగానే మిగతా కథ ఊహించగలడు. ఇవన్నీ ఒక డాక్యుమెంట్‌లో రాసిపెడతారు, షో బైబిల్ అంటారు దాన్ని. మోటూ పత్లూ ఇంకో రకం, లోట్‌పోట్ అనే హిందీ కామిక్ పత్రికలో ఎప్పట్నుంచో ఉన్న పాత్రల్ని తీసుకుని 2012లో నికెలోడియన్ కోసం కాస్మోస్ మాయా వాళ్లు షోగా మలిచారు, పాత్రలు ముందే గట్టిగా ఉన్నాయి కాబట్టి పని సగం అయిపోయినట్టే.

మీ నలభై కథల్లో నలభై రకాల మనుషులు ఉండి ఉంటారు. పిసినారి ఒకడు, అబద్ధాలకోరు ఒకడు, బద్ధకస్తుడు ఒకడు. అందర్నీ పక్కన పెట్టి మీ క్లాసులో ఉండే ఒక్క పిల్లాణ్ణి తీసుకోండి. ఉదాహరణకి నేనిప్పుడే అల్లుతున్నా, గోపి అని ఒకడు, వాడికి "నాకు తెలీదు" అనడం రాదు, ఏదడిగినా తెలిసినట్టే చెప్పేస్తాడు. సర్కస్ లారీ డ్రైవర్ దారి అడుగుతాడు, వీడు ఠక్కున ఎడమ వైపు అంటాడు, ఏనుగుతో ఉన్న లారీ వెళ్లి రెండు ఇళ్ల మధ్య సందులో ఇరుక్కుంటుంది. తీయడానికి గోపి మూడు ఉపాయాలు చెప్తాడు, మూడూ తెలిసినట్టే చెప్తాడు, ఒక్కోదానికి ఏనుగు ఇంకాస్త బిగుసుకుంటుంది. చివరికి వాడు నోరు తెరిచి నాకు తెలీదు అంటే తప్ప, ఆ సందులో యాభై ఏళ్లుగా ఉంటున్న నాయనమ్మని అడగాలని ఎవరికీ తట్టదు.

మీరు చెప్పదలుచుకున్న నీతి ఇందులో ఉంది, కానీ ఎవరూ దాన్ని ఎపిసోడ్ చివర నిలబడి చెప్పట్లేదు. పైగా వచ్చే వారం వీడు ఇదే బుద్ధితో ఇంకో గొడవ తెస్తాడు, కాబట్టి షో నడుస్తుంది. ఇంకో విషయం గమనించండి, ఒక సందు, ఒక లారీ, ఒక ఏనుగు, నలుగురు మనుషులు. అంతే. సర్కస్ డేరా, లోపల వెయ్యి మంది జనం, ట్రపీజ్ అని రాశారనుకోండి, ప్రొడ్యూసర్ మొదటి పేజీ దగ్గరే పక్కన పెట్టేస్తాడు. ప్రతి కొత్త పాత్రనీ, కొత్త చోటునీ, కొత్త డ్రెస్సునీ ఎవరో డిజైన్ చేసి తయారుచేయాలి, అసెట్ అంటారు మావాళ్లు, ఎపిసోడ్‌కి ఇన్నే అని ముందే లెక్క ఉంటుంది. త్రీడీ అయితే నీళ్లు, పొడవు జుట్టు, జారే పమిట, ఇవన్నీ ఇంకా ఖర్చు. రాజుగారి దర్బారు సీన్ రాసి, సభలో ముగ్గురే మంత్రులు ఎందుకున్నారో కథలోనే ఒక సాకు పెట్టడం, అది కూడా ఈ ఉద్యోగంలో భాగమే, నాకైతే ఆ సాకులు వెతకడమే సరదా.

ఛానల్‌కి నేరుగా పంపడం కంటే స్టూడియోలకి పంపితే చదివే అవకాశం ఎక్కువ. రెండు మూడు పేజీల బైబిల్, పది ప్రెమిస్‌లు, ఒక పూర్తి స్క్రిప్ట్. నలభై కథలు వద్దు. అన్నట్టు తెనాలి రామలింగడు, పంచతంత్రం లాంటివైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు, కానీ పక్కవాడికీ అక్కర్లేదు, అది గుర్తుపెట్టుకోండి.

మేడం, సూటిగా అడుగుతున్నా, నెలకి ఎంత వస్తుంది? – విజయవాడ

సూటిగా చెప్పలేను, ఎందుకంటే నెలకి అనే లెక్కే చాలామందికి లేదు. స్టూడియోలో జీతం మీద ఉండే రైటర్లు తక్కువమంది, మిగతా అందరం ఎపిసోడ్‌కి ఇంత అని ఫ్రీలాన్స్. ఆ ఎంత అనేది స్టూడియోని బట్టి, నీ పాత పనిని బట్టి, షో టీవీకా ఓటీటీకా యూట్యూబ్‌కా అన్నదాన్ని బట్టి మారిపోతుంది, ఒకే షోలో ఇద్దరు రైటర్లకి ఒకే రేటు ఉండదు. నేను ఇక్కడ ఒక అంకె వేస్తే దాన్నే పట్టుకుని ఎవరో మోసపోతారు.

అంకె కంటే ముఖ్యమైంది డబ్బులు ఎప్పుడిస్తారు అనేది. అవుట్‌లైన్ ఓకే అయ్యాక కొంత, మొదటి డ్రాఫ్ట్ ఇచ్చాక కొంత, ఫైనల్‌కి మిగతాది, ఇలా విడగొట్టి రాయించుకో. "ఎపిసోడ్ టెలికాస్ట్ అయ్యాక" అనే మాట కాంట్రాక్టులో కనిపిస్తే సంతకం పెట్టకు, స్క్రిప్ట్ ఇచ్చిన ఏడాదికి కూడా టెలికాస్ట్ అవ్వని షోలు ఉంటాయి. ఎన్ని సార్లు మార్పులు చేయాలో కూడా రాయించుకో, రెండు అని ఉంటే మూడోదానికి అదనం అడగొచ్చు, లేకపోతే పదకొండో డ్రాఫ్ట్ దగ్గర కూడా "ఇంకొంచెం ఫన్నీగా" అంటూనే ఉంటారు. ఫ్రీలాన్స్ ఫీజులో మామూలుగా 10 శాతం టీడీఎస్ అని ముందే ట్యాక్స్ కింద కట్ చేస్తారు, రిటర్న్ ఫైల్ చేస్తే నీ ట్యాక్స్ తక్కువైతే వెనక్కొస్తుంది, కొత్తవాళ్లు చాలామంది అది వదిలేస్తారు పాపం.

యూట్యూబ్‌లో సొంత ఛానల్ పెడితే బోలెడు డబ్బులు అని కూడా చాలామంది రాశారు. 2020 జనవరి నుంచి పిల్లల కోసం అని మార్క్ చేసిన వీడియోలకి పర్సనలైజ్డ్ యాడ్స్, అంటే చూసేవాళ్ల అలవాట్లని బట్టి వేసేవి, రావు, కామెంట్లు ఉండవు. దానికి ముందు ఏడాది అమెరికాలో పిల్లల డేటా కేసులో గూగుల్ 17 కోట్ల డాలర్లు కట్టాల్సొచ్చింది, ఆ తర్వాత వచ్చిన రూల్ ఇది. అందుకే పిల్లల వీడియోకి అదే వ్యూస్ ఉన్న వంటల వీడియో కంటే మామూలుగా తక్కువే వస్తుంది. అలా అని రాదని కాదు, వచ్చేవాళ్లకి బాగానే వస్తుంది, కానీ అది రాసే ఉద్యోగం కాదు, వ్యాపారం. రెండూ వేరు.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కార్టూన్ కథలు రాస్తానంటోంది. ఏ కోర్సులో చేర్పించాలి? ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు. – కరీంనగర్

అమ్మా, ముందు ఆ నూరు శాతం అన్నవాళ్లని ఒక్కటే అడగండి, మీ సిలబస్‌లో కథ రాయడం ఎన్ని గంటలు అని. ఎక్కువ చోట్ల నేర్పేది సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం చెడ్డదేం కాదు, కానీ అది కదిలించేవాళ్ల చదువు, రాసేవాళ్లది కాదు, ఫీజు కట్టేముందు ఈ తేడా మీకు తెలియాలి.

అమ్మాయికి గీయడం కూడా వస్తే అహ్మదాబాద్ ఎన్‌ఐడీ అనే డిజైన్ కాలేజీలో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, దానికి డాట్ అనే ఎంట్రన్స్ రాయాలి. ఐఐటీ బాంబేలో ఐడీసీ అని డిజైన్ స్కూల్ ఉంది, డిగ్రీకి యూసీడ్ ఎంట్రన్స్. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనే యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఉంది, అందులో యానిమేషన్ కూడా. డిగ్రీ అయ్యాక అయితే పుణె ఎఫ్‌టీఐఐ అనే సినిమా కాలేజీలో స్క్రీన్‌ప్లే రాయడానికి విడిగా కోర్సు ఉంది, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో యానిమేషన్ సినిమా కోర్సు ఉంది. ఫీజులు, సీట్లు, తేదీలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడండి, ఏటా మారుతుంటాయి.

గీయడం రాకపోతే మాత్రం నా సలహా, మామూలు డిగ్రీ ఏదో ఒకటి, తెలుగో ఇంగ్లీషో సైకాలజీయో, హాయిగా చదివించండి, పక్కన రాయించండి. నాతో పనిచేసే రైటర్లలో బీకాం వాళ్లు, మెకానికల్ ఇంజనీర్లు, ఒక హోమియో డాక్టర్ కూడా ఉన్నారు, సర్టిఫికెట్ అడిగిన స్టూడియో నాకింతవరకు తగల్లేదు, శాంపిల్ అడగని స్టూడియో కూడా తగల్లేదు.

నేను ఒక స్టూడియోకి ఐడియా చెప్పాను. ఏడాది తర్వాత అలాంటి షోనే వచ్చింది. కేసు వేయొచ్చా? – తిరుపతి

"అలాంటి" అనే మాట దగ్గరే కేసు కష్టం అవుతుంది. ఐడియాకి కాపీరైట్ లేదు, 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది, ఇతివృత్తం ఎవరైనా వాడుకోవచ్చు, నువ్వు దాన్ని రాసిన తీరు, పాత్రల్ని మలిచిన విధానం, సీన్ల వరుస, అవి ఎత్తుకుంటేనే తప్పు. నోటితో చెప్పావు కాబట్టి రాసిన తీరు అనేదే నీ దగ్గర లేదు తమ్ముడూ. కోప్పడకు, రోబో స్నేహితుడు ఉన్న పిల్లాడు అనే ఐడియా నాకు నెలకొకరు చెప్తారు, వాళ్లలో ఎవరూ ఎవరి దగ్గరా కొట్టేయలేదు.

ఇకముందు ఏది చెప్పాలన్నా ముందు రాయి, తర్వాత చెప్పు. రాసినదాన్ని ముంబైలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ దగ్గరో, మన హైదరాబాద్ తెలుగు సినీ రచయితల సంఘంలోనో మెంబర్ అయి రిజిస్టర్ చేసుకోవచ్చు. కాపీరైట్ ఆఫీసులో అయితే ఆన్‌లైన్‌లోనే, సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, అప్లై చేశాక ఎవరన్నా అభ్యంతరం చెప్తారేమోనని 30 రోజులు ఆగి తర్వాత చూస్తారు. రాసిన క్షణం నుంచే హక్కు నీదే, రిజిస్ట్రేషన్ అనేది రేపు గొడవొస్తే చూపించడానికి. మీటింగ్ అయ్యాక "ఈరోజు మనం ఫలానా షో గురించి మాట్లాడుకున్నాం, రెండు పేజీలు జతచేశాను" అని ఒక మర్యాదైన మెయిల్ పెట్టు, ఖర్చులేని సాక్ష్యం అది.

అసలు దొంగతనం కంటే సంతకం దగ్గర పోయేదే ఎక్కువ. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి అందరూ. నువ్వు ఉద్యోగంలో ఉండి, ఆ ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి ఓనర్ కంపెనీయే, చట్టంలోనే ఉంది. ఫ్రీలాన్స్ అయితే హక్కు నీదే, నువ్వు రాసిస్తేనే వాళ్లది అవుతుంది. రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్లకి అన్నది కాగితంలో లేకపోతే చట్టం 5 ఏళ్లే అని అనుకుంటుంది, ఏ దేశాలకి అన్నది లేకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. అందుకే వాళ్ల లాయర్లు "శాశ్వతంగా, విశ్వమంతటా" అని రాస్తారు, నిజంగా విశ్వం అనే రాస్తారండీ, చంద్రుడి మీద కూడా మన షోలు టెలికాస్ట్ చేసుకుంటారు కాబోలు. అది కొట్టేయించడం కొత్తవాళ్ల వల్ల కాదు. 2012లో చట్టం మార్చాక సినిమాలో వాడిన రచనకి, హాల్లో వేసే ప్రదర్శన కాకుండా మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో రైటర్ వాటాని వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. కాగితం మీద మంచి చట్టం. చేతికి డబ్బు రావడం వేరే కథ. కొత్తవాళ్లు గట్టిగా అడగాల్సింది, నా దృష్టిలో, రెండే: తెర మీద పేరు, బొమ్మలూ బ్యాగులూ టీషర్టులూ అమ్మితే పాత్రని పుట్టించినవాళ్లకి ఒక వాటా. రెండోది ఇవ్వరు, అయినా అడగండి, అడిగేవాళ్లు ఉంటేనే ఎప్పటికైనా ఇస్తారు.

అక్కా, నాకు తెలుగు తప్ప హిందీ ఇంగ్లీషు అంతంతమాత్రం. దారి ఉందా? – శ్రీకాకుళం

ఉంది, కొంచెం ఇరుకు దారి. పెద్ద షోలన్నీ ముందు హిందీలో పుడతాయి. స్క్రిప్టులో యాక్షన్ అంతా ఇంగ్లీషులో, డైలాగులు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన హిందీలో, ఎక్కువచోట్ల ఇలాగే ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని, పక్కన తెలుగువాళ్లే ఉన్నా, ఛానల్ ముంబైది కాబట్టి అంతే.

నీకు ముందు తగిలేది డబ్బింగ్ రాయడం. సన్ గ్రూప్ వాళ్ల ఖుషి టీవీ 2009 నుంచి తెలుగులో ఉంది, రామోజీ గ్రూప్ 2021లో ఈటీవీ బాల భారత్ మొదలుపెట్టింది, ఓటీటీల్లో తెలుగు ఆడియో ఉన్నవి సరేసరి, వీటన్నిటికీ ఎవరో ఒకరు తెలుగు మాటలు రాయాలి. దీన్ని చిన్నచూపు చూడకు, నేను నేర్చుకున్నది చాలా అక్కడే. హిందీ డైలాగ్ రెండు సెకన్లుంటే నీదీ రెండు సెకన్లలో అయిపోవాలి, మన తెలుగేమో క్రియ చివర్లో పెట్టి సాగదీస్తుంది. పాత్ర పెదాలు మూస్తే అక్కడ పకారమో బకారమో మకారమో పడాలి, నోరు తెరిచి ఆపితే ఆకారం మీద ఆగాలి. టూడీ కార్టూన్ నోళ్లు కొంచెం క్షమిస్తాయి, త్రీడీ క్షమించదు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు మాట్లాడే తెలుగు రాయడం. "నీవు ఎచటికి వెళ్లుచున్నావు మిత్రమా" అని ఇప్పటికీ రాస్తున్నారు కొందరు, ఏ బడిలో ఏ పిల్లాడు అలా మాట్లాడుతున్నాడో నాకైతే కనిపించలేదు. మీ శ్రీకాకుళం యాసని ఎప్పుడూ కామెడీ పనోడికే ఇస్తారు కదా, హీరోకి ఇచ్చి రాసి చూపించు, నేనైతే చూస్తా.

ఈలోగా ఇంగ్లీషులో యాక్షన్ రాయడం నేర్చుకో. పెద్ద ఇంగ్లీషు అవసరం లేదు, నడిచాడు, జారాడు, గోడకి గుద్దుకున్నాడు, అంతే.

మా బాబుకి ఐదేళ్లు. కార్టూన్ చూసి సోఫా మీంచి దూకుతున్నాడు. రాసేవాళ్లకి బాధ్యత ఉండదా? – హైదరాబాద్, ఒక తల్లి

కోపం న్యాయమే. కేబుల్ టీవీ ప్రోగ్రామ్ కోడ్‌లో పిల్లల కార్యక్రమాల్లో బూతులు, పచ్చి హింస ఉండకూడదని ఉంది, దాని మీద ప్రతి ఛానల్‌కీ సొంత లిస్ట్ ఉంటుంది. ఫ్రిజ్‌లోనో పెట్టెలోనో దాక్కోవడం, మెడకి తాడు, ప్లగ్గులో వేలు, అగ్గిపుల్ల, ప్లాస్టిక్ కవర్ తలకి, ఇలాంటివి రాస్తే ఎర్ర గీత పడి వెనక్కొస్తుంది. సూత్రం ఒక్కటే, ఇంట్లో దొరికే వస్తువుతో పిల్లాడు చేసి చూడగలిగేది వద్దు. ఏనుగుని గాల్లోకి విసిరితే పర్లేదు, ఎందుకంటే మీ ఇంట్లో ఏనుగు లేదు. సోఫా ఉంది. దూకడం అనేది ఈ లిస్టుల్లోంచి ఎప్పుడూ జారిపోతుంది, ఎందుకంటే దూకకుండా కార్టూనే లేదు, దీనికి నా దగ్గర మంచి జవాబు లేదమ్మా. ఐదేళ్లవాడికి ఎనిమిదేళ్లవాళ్ల షో పెట్టకుండా చూడండి, రాసేటప్పుడు వయసు లెక్కతోనే రాస్తాం. మైటీ లిటిల్ భీమ్ అని 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, పాకే వయసు భీమ్, మాటలు లేవు, అది బుజ్జివాళ్ల లెక్కలో చేసింది, అలాంటివి చూపించండి.

చాట్‌జీపీటీ పది నిమిషాల్లో పది కథలు ఇస్తోంది. ఇంకా మిమ్మల్ని ఎవరు పెట్టుకుంటారు? – గుంటూరు

ఇస్తోంది, నేనూ అడిగి చూశా. పదిలో ఎనిమిదింటిలో చివర అందరూ కలిసి పనిచేస్తే గెలుస్తాం అని కౌగిలించుకున్నారు. చవక యూట్యూబ్ కథల రేట్లు దీనివల్ల పడిపోయాయన్నది నిజం, ఆ పని మీదే బతికేవాళ్లకి దెబ్బే, తియ్యగా చెప్పి లాభం లేదు. షోకి పనిచేసేచోట రైటర్ చేసేది కథ ఇవ్వడం ఒక్కటే కాదు కదా, మీటింగ్‌లో డైరెక్టర్ ఏనుగు వద్దు బడ్జెట్ లేదు అంటే అక్కడికక్కడే ఏనుగుని తీసేసి కథ నిలబెట్టాలి, ఛానల్ ఆవిడకి నచ్చనిది ఏంటో ఆవిడకే తెలియనప్పుడు అది కనిపెట్టాలి. ఆ కుర్చీలు కొన్నే ఉన్నాయి. ఇంకా కొన్నే అవుతాయేమో కూడా.

మా అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు, అమెరికా కార్టూన్లకి రాస్తానంటున్నాడు. ఇక్కడి పద్ధతి ఏంటి? – డల్లాస్

అక్కడ యూనియన్ ఉంది, మనకి లేనిది అదే. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల యానిమేషన్ రైటర్లలో చాలామంది యానిమేషన్ గిల్డ్, లోకల్ 839 కింద పనిచేస్తారు, కనీస రేట్లు కాగితం మీద ఉంటాయి. సింప్సన్స్ లాంటి ఫాక్స్ ప్రైమ్‌టైమ్ షోల రైటర్లు మాత్రం 1998 నుంచి సినిమా టీవీ రచయితల గిల్డ్ కిందకి వచ్చారు. ఒకే రకం పనికి రెండు యూనియన్లు, కాబట్టి ఆఫర్ వచ్చినప్పుడు ఏది అని అడగమనండి. చాలామంది స్క్రిప్ట్ కోఆర్డినేటర్‌గానో రైటర్ల అసిస్టెంట్‌గానో చేరి పైకి వస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంటే ఆపొద్దు, అక్కడ వెయ్యిమంది రాయలేని అమ్మమ్మ పాత్ర వాడు రాయగలడు.

నేను రాసిన స్క్రిప్ట్ పంపితే చదివి చెప్తారా? – చాలామంది

చదవను. అహంకారం కాదు, రేపు నేను రాసే షోలో మీ కథలాంటి సీన్ ఒకటి వస్తే మీకూ నాకూ ఇద్దరికీ తలనొప్పి, స్టూడియోలు కూడా అడగకుండా వచ్చిన స్క్రిప్ట్ తెరవనిది ఇందుకే. మీరే ఇలా చేసుకోండి: 11 నిమిషాల ఎపిసోడ్ ఒకటి ఎంచుకుని, టీవీలో సౌండ్ ఆపేసి, కనిపించింది కనిపించినట్టు స్క్రిప్టుగా రాయండి, పదిహేను పేజీల దాకా వస్తుంది. తర్వాత మీ సొంత పాత్రలతో ఒకటి, మాటల్లేకుండా మూడు నిమిషాలది. దాన్ని ఏడెనిమిదేళ్ల పిల్లలకి, మీ పిల్లలు కాని వాళ్లకి, చదివి వినిపించండి, ఎక్కడ వాళ్లు మీ వైపు చూడటం మానేసి ఫ్యాన్ వైపు చూశారో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, ఆ గుర్తులున్న చోట్లన్నీ తిరగరాసి అప్పుడు స్టూడియోకి పంపండి.